12 రోజుల కెన్యా మిషన్ ట్రిప్‌కి 1,65,000 – వెళ్ళమంటారా, మానమంటారా?

నాగావళి_నర్సు
ఇంట్లో రెండు వారాలుగా ఇదే గొడవ. అక్కడ తేలక ఇక్కడ అడుగుతున్నాను. మాది శ్రీకాకుళం పక్క పల్లె. బీఎస్సీ నర్సింగ్ అయి రెండేళ్ళయింది, టౌన్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేస్తున్నాను. జీతం 17 వేలు. మా చర్చి సంఘానికి పరిచయమున్న ఒక సంస్థ వాళ్ళు ఆగస్టులో కెన్యాకి టీమ్‌ని తీసుకెళ్తున్నారు. కిసుము అవతల ఏదో పల్లెట. 12 రోజులు. మెడికల్ క్యాంపు, పిల్లలకి వీబీఎస్ (సెలవుల బైబిల్ బడి), ఒక బడి గోడలకి రంగులు వేయడం. మనిషికి 1,65,000. సీటు పోతుందంటే 10 వేలు కట్టేశాను, ఇంకో 30 వేలు ఈ నెలాఖరుకి కట్టాలి.

మా పాస్టరు అయ్యగారు పోయిన ఆదివారం ప్రసంగంలోనే నా పేరు చెప్పేశారు, "మన సంఘం నుంచి మొదటి మిషనరీ" అని. అందరూ చప్పట్లు. ఇప్పుడు కూరగాయల కొట్టు దగ్గర కూడా "ఎప్పుడమ్మా ప్రయాణం" అంటున్నారు. అమ్మ తన గొలుసు తాకట్టు పెడతానంటోంది. నాన్న ఆటో వేస్తారు, ఆయన ఒకే ఒక్క మాట అన్నారు: "ఆ దేశంలో నర్సులు లేరేటి?"

నాకు వెళ్ళాలని నిజంగా ఉంది. "నన్ను పంపుము" అన్న యెషయా మాట ఇంటర్ నుంచి నా మంచం పక్క గోడ మీదే ఉంది. ఇలాంటి ట్రిప్‌లకి వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. అక్కడ మన వల్ల ఏమైనా జరుగుతుందా?

పాతపట్నం_పాల్
వెళ్ళమ్మా. నేను నేపాల్ నాలుగుసార్లు వెళ్ళాను. మొదటిసారి వెళ్ళకపోయి ఉంటే ఈపాటికి మా ఊరి బస్టాండ్‌లో పేకాడుకుంటూ ఉండేవాణ్ణి. డబ్బు దేవుడు చూసుకుంటాడు.

జీడిపిక్క
శిష్యుల్ని పంపినప్పుడు సంచి వద్దు, రెండు అంగీలు వద్దు అన్నారు కదా ప్రభువు. ఇప్పుడు 23 కిలోల చెక్-ఇన్, 7 కిలోల హ్యాండ్ బ్యాగు.

మందస_కోవా
@జీడిపిక్క ఆ 23 కిలోల్లో 5 కిలోలు ఆవకాయే ఉంటుంది, రాసిపెట్టుకో.

గజపతినగరం_గుమస్తా
డబ్బు దేవుడు చూసుకుంటాడు సరే, వడ్డీ ఎవరు చూసుకుంటారు? అమ్మాయి జీతం 17 వేలు, ఖర్చు 1,65,000. అంటే పది నెలల జీతానికి 5 వేలు తక్కువ. ఆ పది నెలలూ గాలి భోంచేయాలి. తల్లీ, ముందు ఆ సంస్థని కాగితం మీద లెక్క అడుగు. టిక్కెట్టుకి ఎంత, బసకి ఎంత, మందులకి ఎంత, "పరిచర్య ఖర్చులు" అని ఒక గీత ఉంటుంది, దానికింద ఎంత. ట్రిప్ రద్దయితే ఎంత వెనక్కిస్తారు. రసీదు ఇచ్చారా ఆ 10 వేలకి?

నాగావళి_నర్సు
రసీదు లేదండి. ఫోన్‌పే చేశాను.

గజపతినగరం_గుమస్తా
సంస్థ పేరు మీదా, మనిషి పేరు మీదా?

నాగావళి_నర్సు
మనిషి పేరు.

గజపతినగరం_గుమస్తా
హు.

పైడితల్లి_భక్తుడు
నేను మీ మతం కాదు, అయినా చెప్తా. పాల్ గారూ, మీరు నేపాల్ వెళ్ళి ఏం చేశారో గానీ, అక్కడ 2015 రాజ్యాంగంలోనే మతం మార్చడం నిషేధం. 2018 నుంచి అమల్లో ఉన్న శిక్షాస్మృతిలో అయిదేళ్ళ జైలు దాకా, 50 వేల దాకా జరిమానా ఉంది. విదేశీయుడైతే శిక్ష అయ్యాక దేశం నుంచి పంపేస్తారు. వెళ్ళమ్మా వెళ్ళమ్మా అనే ముందు ఇవి కూడా చెప్పాలి కదా. అసలు మీ వాళ్ళకి పక్కింటివాళ్ళ మతం మీద అంత ఆత్రం ఎందుకో.

పాతపట్నం_పాల్
@పైడితల్లి_భక్తుడు చట్టం నాకు తెలుసు బాబూ. ఈ అమ్మాయి వెళ్ళేది కెన్యాకి, అక్కడ ఆ చట్టం లేదు. నేను మొదటిసారి వెళ్ళింది 2015 మే నెలలో, ఏప్రిల్ 25 భూకంపం తరవాత. రక్సౌల్ దాకా రైలు, అక్కణ్ణించి బీర్గంజ్ దాటి లారీలో టార్పాలిన్లు, బియ్యం, అటుకులు. మే 12న రెండో భూకంపం వచ్చినప్పుడు గోడ పక్కనే ఉన్నా. అప్పుడు నేను ఎవరికీ ఏ మతమూ చెప్పలేదు, "రామా" అన్నానో "ప్రభువా" అన్నానో కూడా గుర్తులేదు.

మోడరేటర్_వంశధార
ఏ మతం గొప్పదన్న చర్చకి వేరే గది ఉంది, అక్కడ ఇప్పటికే 900 పోస్టులు పడి ఉన్నాయి, ఏమీ తేలలేదు. ఇక్కడ ట్రిప్ సంగతే మాట్లాడండి.

టెక్కలి_టీచర్
ఈ చర్చ శ్రీకాకుళం జిల్లాలో జరుగుతోంది కాబట్టి సోంపేట సంగతి ఎత్తకుండా ఉండలేను. నా చిన్నప్పుడు మా తాతయ్యకి శుక్లం ఆపరేషన్ సోంపేట ఆరోగ్యవరం ఆసుపత్రిలో అయింది. కెనడా బాప్టిస్టు మిషన్ వాళ్ళది. డాక్టర్ బెన్ గలిసన్ అని కెనడా డాక్టరు దశాబ్దాల పాటు అక్కడే ఉండి కళ్ళు చూశాడు. ఎడ్లబండ్ల మీద ఒరిస్సా నుంచి కూడా వచ్చేవారని తాతయ్య చెప్పేవాడు. ఆయన సెలవు మీద వాళ్ళ దేశం వెళ్ళినప్పుడు కాల్గరీలో ఈ సంగతి చెప్తే, అక్కడ ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారి విన్నాడు. విని ఏం చేశాడు? టీమ్ కట్టుకుని టీషర్టులు వేసుకుని సోంపేట రాలేదు. ఊళ్ళో చందాలు పోగుచేసి పంపడం మొదలుపెట్టాడు. 1963లో అదే ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ అయింది, ఇవాళ ఎన్నో దేశాల్లో పనిచేస్తోంది.

అంటే నేననేది, ఒకాయన వచ్చి ఉండిపోయాడు. ఇంకొకాయన ఇంటి దగ్గరే ఉండి డబ్బు పంపాడు. రెండూ పనికొచ్చాయి. 12 రోజులకి వచ్చి గలిసన్ పక్కన ఫొటో దిగినవాళ్ళు కూడా ఉండే ఉంటారు, వాళ్ళెవరో మా తాతయ్యకి తెలీదు.

మందస_కోవా
టీచర్ గారు పాఠం మొదలుపెట్టారు, అటెండెన్సు వేసుకోండి.

టెక్కలి_టీచర్
@మందస_కోవా నువ్వు నా క్లాసులోనూ వెనక బెంచీయే అనుకుంటా.

చీపురుపల్లి_చిన్నోడు
విమానం ఎక్కి కెన్యా చూసొచ్చే ఛాన్సు. పులులూ సింహాలూ. వెళ్ళాల్సిందే అక్కా.

జీడిపిక్క
@చీపురుపల్లి_చిన్నోడు ఆఫ్రికాలో అడవి పులులు ఉండవురా. సింహాలే.

ఉద్దానం_కుర్రాడు
సాయం చేయడానికి వెళ్ళినవాళ్ళు చెప్తున్నారు గానీ, సాయం పుచ్చుకున్నవాణ్ణి నేనొకణ్ణి ఉన్నాను. మాది వజ్రపుకొత్తూరు వైపు. 2018 అక్టోబరు 11 తెల్లారుజామున తిత్లీ తుఫాను. నేనప్పుడు ఇంటర్. తెల్లారి బయటికొస్తే కొబ్బరితోట అంతా పడుకుని ఉంది. జీడిచెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. కరెంటు లేదు, మోటారు ఆడదు, నీళ్ళు లేవు.

నాలుగో రోజు ఒక నగరం నుంచి టీమ్ దిగింది. చర్చి వాళ్ళో క్లబ్ వాళ్ళో అనవసరం, అందరికీ ఒకే రంగు టీషర్టు. పాత బట్టల మూటలు తెచ్చారు. మా నాయనమ్మకి ఉన్ని స్వెట్టరు వచ్చింది. అక్టోబరులో, ఉద్దానంలో, కరెంటు లేని ఉక్కపోతలో స్వెట్టరు! మా మామయ్యకి కోటు. ఆ కోటు ఇప్పటికీ మా పొలంలో దిష్టిబొమ్మకి ఉంది, నిజం. బిస్కెట్ పొట్లం ఇచ్చి ఫొటో తీశారు. వెలుతురు బాలేదని నాయనమ్మని మళ్ళీ నిలబెట్టి, ఇచ్చిన పొట్లం వెనక్కి తీసుకుని మళ్ళీ ఇచ్చారు. ఆవిడకి ఎనభై ఏళ్ళు.

మాకు కావలసిందేమిటంటే రంపాలు. దారికడ్డంగా పడ్డ చెట్లు కొయ్యడానికి మిషన్ రంపాలు, బోరు ఆడించడానికి జనరేటరు, డీజిలు. ఒక్కడూ ముందు ఫోన్ చేసి "ఏటి కావాలి" అని అడగలేదు. చివరికి వేరే జిల్లాల నుంచి వచ్చిన కరెంటోళ్ళు బడిలో పడుకుని, మేం పెట్టిన గంజన్నం తిని, స్తంభాలు నిలబెట్టారు. నాయనమ్మ దీవించింది కరెంటోళ్ళనే.

నాగావళి_నర్సు గారూ, ఆ పల్లెవాళ్ళు మిమ్మల్ని అడిగారా? గోడలకి రంగులు కావాలని వాళ్ళు అడిగారా? ఇది తెలుసుకోండి.

పాతపట్నం_పాల్
అందరూ కలిసి ఒక ఆడపిల్లకి దేవుడిచ్చిన పిలుపు మీద నీళ్ళు చల్లుతున్నారు. తక్కువ రోజులు వెళ్తే తప్పేంటి? పౌలు థెస్సలొనీకలో సమాజమందిరానికి వెళ్ళి తర్కించింది మూడు విశ్రాంతి దినాలేనని అపొస్తలుల కార్యాలు 17లో ఉంది. మూడు వారాల్లో సంఘం పుట్టింది.

టెక్కలి_టీచర్
@పాతపట్నం_పాల్ మరి తరవాతి అధ్యాయం చదవరా? కొరింథులో ఏడాదిన్నర. ఎఫెసులో మూడేళ్ళు. థెస్సలొనీకలో కూడా ఆయన ఊరికే వెళ్ళిపోలేదు, అల్లరి లేచి రాత్రికి రాత్రి పంపించేశారు. ఆ తరవాత వాళ్ళకి రెండు ఉత్తరాలు రాశాడు, తిమోతిని పంపాడు. పైగా తన చేతిపనితో బతికాడు గానీ డేరాలు కుట్టుకునే సూది తాకట్టు పెట్టలేదు.

జీడిపిక్క
సూది తాకట్టు 😂

కిసుము_రిటర్న్
ఈ చర్చ ఎవరో వాట్సాప్‌లో పంపితే చూశాను. నాది విజయనగరం. పశ్చిమ కెన్యాలో ఒక చక్కెర మిల్లులో అకౌంట్స్‌లో ఆరేళ్ళు చేశాను, కిసుము మాకు దగ్గర టౌను. కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఏమనుకోకండి.

మొదటిది. కెన్యాలో నూటికి ఎనభై మందికి పైగా క్రైస్తవులే. మన జిల్లాల్లో జనాభా లెక్కల ప్రకారం నూటికి ఒక్కరు కూడా లేరు. ఎవరు ఎవరికి సువార్త చెప్పడానికి వెళ్తున్నారో మీరే చూసుకోండి. అక్కడ ఆదివారం రోడ్డు మీద నడుస్తుంటే ప్రతి రెండు వందల గజాలకీ ఒక రేకుల షెడ్డు, లోపల డ్రమ్ములు. ఆరాధన మూడు గంటలు. "బ్వానా అసిఫివే" అంటారు, మన "ప్రభువుకి స్తోత్రం" లాంటిది, "ఆమినా" అని బదులివ్వాలి. వాళ్ళ కొయిర్ (పాటల బృందం) ముందు మన కొయిర్లు గొంతు విప్పకపోవడం మంచిది.

రెండోది, మనం అక్కడ కొత్తవాళ్ళం కాదు. మొంబాసా నుంచి కిసుము దాకా రైలు వేసింది 1896 నుంచి 1901 దాకా మన దేశం నుంచి తీసుకెళ్ళిన కూలీలే, దాదాపు 32 వేల మంది, అందులో 2,500 మంది దాకా అక్కడే పోయారు. ఇవాళ టౌన్‌లో పెద్ద కొట్లు చాలావరకు గుజరాతీల చేతుల్లో ఉన్నాయి. మనల్ని "ముహిండి" అంటారు. ముహిండి అంటే భారతీయుడు, వాళ్ళ లెక్కలో డబ్బున్నవాడు. నువ్వు 17 వేల జీతం నర్సువని ఎవరూ నమ్మరు తల్లీ, నాకే స్కూలు ఫీజు కట్టమని రోజుకొకరు వచ్చేవారు.

తిండికి బాధ లేదు. ఉగాలి అంటే మొక్కజొన్న పిండి గట్టిగా వండిన ముద్ద, సుకుమా వికీ అని ఆకుకూర. చపాతీ, పాల టీ దొరుకుతాయి.

ఇక టీములు. ఆగస్టులో అక్కడ బడులకి సెలవులు, అమెరికా వాళ్ళకీ సెలవులు. కాబట్టి ఆగస్టంతా టీములే. మా మిల్లు పక్కన బడి గోడకి నేనున్న ఆరేళ్ళలో నాలుగుసార్లు రంగు మారింది. నీలం, పసుపు, మళ్ళీ నీలం, ఆ మీద ఇంద్రధనుస్సు. ఆ బడికి మరుగుదొడ్డి తలుపు మాత్రం లేదు. మా వాచ్‌మన్ కొడుకు ఉండేవాడు, పదేళ్ళవాడు. "నేను నాలుగుసార్లు రక్షణ పొందాను" అని చెప్పేవాడు నవ్వుతూ. ప్రతి టీమూ వీబీఎస్ ఆఖరి రోజు "యేసుని అంగీకరించేవాళ్ళు చేతులెత్తండి" అంటుంది, వీడు ఎత్తుతాడు. బిస్కెట్ బాగున్న ఏడాది రెండు చేతులూ ఎత్తానన్నాడు. ఆ నాలుగు చేతులూ నాలుగు రిపోర్టుల్లో లెక్కకి వచ్చి ఉంటాయి.

మెడికల్ క్యాంపు సంగతి సీరియస్. విదేశీ నర్సు అక్కడ రోగిని ముట్టుకోవాలంటే కెన్యా నర్సింగ్ కౌన్సిల్ అనుమతి ఉండాలి. మీ దగ్గర ఏపీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటే అది ఏపీలోనే. అడగండి: అక్కడ స్థానిక డాక్టరు ఎవరు, ఏ ఆసుపత్రి కింద క్యాంపు పెడుతున్నారు, మీ పేరు మీద పర్మిషన్ తీసుకున్నారా. ఇంకొకటి, మీరు బీపీ 180 చూసి వారానికి సరిపడా మాత్రలు ఇచ్చి వస్తారు. ఎనిమిదో రోజు ఆవిడకి మాత్ర ఎవరిస్తారు?

నాగావళి_నర్సు
@కిసుము_రిటర్న్ ఆ ఆఖరి మాట నాకు గుచ్చుకుంది సర్. మా ఐసీయూకి వచ్చే స్ట్రోక్ కేసుల్లో చాలా మంది మాత్రలు మధ్యలో ఆపేసినవాళ్ళే. అడుగుతాను.

బొబ్బిలి_పాస్టరమ్మ
నేను అవతలి పక్కనుంచి మాట్లాడతాను. మా ఆయన పాస్టర్. మా సంఘానికి కూడా ఇలాంటి ట్రిప్‌ల కబుర్లు వస్తాయి. సంఘం నుంచి ఒకరు వెళ్తే సంఘానికి పేరు, తెచ్చిన ఫొటోలతో ఒక సాక్ష్యపు ఆదివారం, కానుకలు కూడా బాగా పడతాయి. ఇది తప్పని కాదు, ఉన్నమాట చెప్తున్నా. పుల్పిట్ మీద నీ పేరు చెప్పడం పొరపాటు. నువ్వు నిర్ణయం తీసుకోకముందే నిన్ను ఇరికించేశారు. వెళ్ళి మీ పాస్టరు అమ్మగారితో విడిగా మాట్లాడు, అయ్యగారితో కంటే సులువు.

ఇంకా అమ్మా, ఆడపిల్లవి కాబట్టి అడుగుతున్నా: టీమ్‌లో ఆడవాళ్ళు ఎంతమంది? పెద్దావిడ ఎవరైనా ఉన్నారా? గదులు ఎలా? పాస్‌పోర్టు "అందరివీ నా దగ్గర ఉంచుతా" అంటారు టీమ్ లీడర్లు, ఇవ్వకు. నీ పాస్‌పోర్టు నీ నడుం దగ్గరే. తిరుగు టిక్కెట్టు కాపీ ఇంట్లో నాన్నగారి దగ్గర. వెళ్ళినా వెళ్ళకపోయినా సపోర్ట్ లెటర్ (ట్రిప్‌కి చందా అడిగే ఉత్తరం) మాత్రం చుట్టాలకి పంపకు. పంపితే రేపు నీ పెళ్ళిలో కూడా ఆ 500 గురించి మాట్లాడతారు.

మందస_కోవా
పాస్టరమ్మ గారికి ఒక లైకు కాదు, పళ్ళెం నిండా కోవా.

రాజాం_రిటైర్డ్
మనవాళ్ళు పరదేశం వెళ్ళి సేవ చేయడం ఇప్పుడు కొత్తగా మొదలవలేదు. 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికా నేటాల్ చెరకు తోటలకి లక్షన్నర మందిని కూలీలుగా ఓడల్లో తీసుకెళ్ళారు. అందులో విశాఖపట్నం, గంజాం జిల్లాల తెలుగువాళ్ళు బోలెడుమంది. వాళ్ళకి వాళ్ళ భాషలో ప్రార్థన చెప్పేవాళ్ళు లేరని నెల్లూరు వైపు నుంచి జాన్ రంగయ్య గారు 1903లో వెళ్ళారు. తెలుగు బాప్టిస్టు సంఘాలే చందాలు వేసి పంపించాయి. ఆయన జీవితాంతం అక్కడి తెలుగు సంఘాల్లోనే పనిచేశారు. గమనించాల్సింది ఏమిటంటే ఆయనకి అక్కడ దుబాసీ అక్కర్లేకపోయింది.

ఈ అమ్మాయికి స్వాహిలీ వచ్చా? లువో వచ్చా? అక్కడ రోగి "కడుపులో తిప్పుతోంది" అంటే ఎవరు చెప్తారు ఈమెకి?

పైడితల్లి_భక్తుడు
రిటైర్డ్ గారు భాష సంగతి ఎత్తారు కాబట్టి గిడుగు రామమూర్తి గారి పేరు చెప్పకపోతే తప్పు. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవరల భాష నేర్చుకున్నారు. 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు. సొంత డబ్బుతో సవర పిల్లలకి బడి పెట్టారు. ఆ కొండల్లో మలేరియా తగిలి క్వినైన్ ఎక్కువ వాడితే చెవులు పోయాయి. ఎవర్నీ ఏ మతంలోకీ రమ్మనలేదు.

టెక్కలి_టీచర్
@పైడితల్లి_భక్తుడు నూటికి నూరుపాళ్ళు. ఇంకో మాట కలుపుతా, సెరంగోలో కెనడా మిషన్ వాళ్ళు కూడా ఆ సవర భాషే నేర్చుకుని ఏళ్ళ తరబడి ఉన్నారు. అంటే మీరూ మేమూ ఈ విషయంలో ఒకే బెంచీ.

జీడిపిక్క
స్క్రీన్‌షాట్ తీసుకోండి, వీళ్ళిద్దరూ ఒప్పుకోవడం మళ్ళీ సిరిమానోత్సవం దాకా జరగదు.

పాతపట్నం_పాల్
సరే, నేను కూడా నిజం చెప్తాను, నవ్వుకోండి. మొదటి ట్రిప్‌లో టార్పాలిన్లు పంచడం తప్ప నేను చేసిందేమీ లేదు. హిందీ కూడా సరిగా రాదు నాకు. అయిదు రోజులు విరేచనాలు, ఆ ఇంటివాళ్ళే నాకు గంజి కాచిపోశారు, ఇల్లు కూలిపోయినవాళ్ళు. సేవ చేయించుకుని వచ్చాను గానీ చేసి రాలేదు. కానీ ఆ ఇల్లు నన్ను వదల్లేదు. మిగతా మూడుసార్లూ అదే ఊరికి, అదే ఇంటికి వెళ్ళాను, టీమ్‌తో కాదు, ఒక్కణ్ణే. వాళ్ళ పెద్దమ్మాయి చదువుకి నెలనెలా 1,000 పంపిస్తాను. మందు మానేశాను. ఆ మొదటి ట్రిప్ లేకపోతే ఇవేవీ లేవు. అందుకే వెళ్ళమన్నాను.

ఉద్దానం_కుర్రాడు
@పాతపట్నం_పాల్ మీరు ఇది మొదటి పోస్టులోనే రాయాల్సింది అన్నా. మళ్ళీ మళ్ళీ అదే ఇంటికి వెళ్ళడం వేరే సంగతి. మా ఊరొచ్చిన టీషర్టులు ఒక్కళ్ళూ తిరిగి రాలేదు.

గజపతినగరం_గుమస్తా
పాల్ గారి నాలుగు ట్రిప్పులూ కలిపినా 1,65,000 అయి ఉండదు. నేపాల్‌కి మనకి వీసా అక్కర్లేదు, ఓటరు కార్డు చాలు.

పాతపట్నం_పాల్
నాలుగూ కలిపి 60 వేలు కూడా కాలేదు. స్లీపర్ క్లాసు.

చీపురుపల్లి_చిన్నోడు
ఎవరూ టీకా గురించి చెప్పలేదు. మా బావ టాంజానియా వెళ్ళినప్పుడు ఎల్లో ఫీవర్ సూది వేయించుకున్నాడు.

కిసుము_రిటర్న్
@చీపురుపల్లి_చిన్నోడు ఈసారి పనికొచ్చే మాట చెప్పావు. విశాఖ పోర్టు హెల్త్ ఆఫీసులో వేస్తారు, ముందు అపాయింట్‌మెంట్ తీసుకోవాలి, ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. ఒకసారి వేస్తే ఇప్పుడు జీవితాంతం చెల్లుతుంది. టీకా వేయించుకున్నట్టు ఇచ్చే పసుపు కార్డు లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి ఆరు రోజుల దాకా విడిగా ఉంచుతారు. గుడ్డు పడనివాళ్ళు ముందే చెప్పాలి. కిసుము సరస్సు పక్క, మలేరియా బాగా ఎక్కువ, దానికి మాత్రలు వెళ్ళకముందు మొదలుపెట్టి వచ్చాక కూడా డాక్టరు చెప్పినన్ని రోజులు వాడాలి. ఇప్పుడు వీసా బదులు ఈటీఏ అనే ప్రయాణ అనుమతి, ఆన్‌లైన్‌లోనే. మీ సంస్థ వాళ్ళు ఇవేవైనా చెప్పారా అమ్మా?

నాగావళి_నర్సు
టీకా సంగతి చెప్పలేదు. టీషర్టు సైజు అడిగారు.

మందస_కోవా
😐

జీడిపిక్క
ఉద్దానం కుర్రాడికి నీళ్ళు ఇవ్వండి ఎవరైనా.

నాగావళి_నర్సు
నాలుగు రోజులైంది, జరిగింది చెప్తాను. గుమస్తా గారు చెప్పినట్టు లెక్క అడిగాను. "విశ్వాసంలో లెక్కలేంటి సిస్టర్" అన్నారు మొదట. నేను మళ్ళీ అడిగితే వాట్సాప్‌లో ఒక కాగితం పెట్టారు: టిక్కెట్టు, బస, భోజనం కలిపి 1,05,000. మిగతా 60 వేలకి "పరిచర్య, ఇతరములు" అని ఒకే గీత.

క్యాంపుకి స్థానిక డాక్టరు ఎవరని అడిగితే, "మన టీమ్‌లో నువ్వే ఉన్నావు కదా" అన్నారు. అంటే క్యాంపు అంటే నేనే! పర్మిషన్ గురించి అడిగాను. "అక్కడ అడిగేవాళ్ళు ఎవరుంటారు సిస్టర్, పల్లెటూరు" అన్నారు. ఆ మాట వినగానే మా ఆసుపత్రికి ఎక్కడెక్కడి నుంచో వచ్చే ఆర్‌ఎంపీ కేసులు గుర్తొచ్చాయి. మన పల్లెల్లో కూడా ఇలాగే కదా, అడిగేవాళ్ళు ఉండరనే ఎవడు పడితే వాడు సూది గుచ్చుతాడు. ఫోన్ పెట్టేశాను.

రాత్రి అమ్మకి చెప్పాను, వెళ్ళడం లేదని. గొలుసు మెళ్ళోనే ఉంది, దాన్ని ఒకసారి తడుముకుని "అయితే రేపు ఉపవాస ప్రార్థనలో ఏటి చెప్పను అందరికీ" అంది. నాన్న ఏమీ అనలేదు, బయట ఆటో తుడుస్తూ ఉన్నారు. బాగా సేపు తుడిచారు.

బొబ్బిలి_పాస్టరమ్మ
అమ్మకి చెప్పు, "మా అమ్మాయి పర్మిషన్ లేకుండా రోగిని ముట్టుకోదు" అని చెప్పమను. అంతకంటే సాక్ష్యం ఏముంది. మీ అయ్యగారు ఏమన్నారు?

నాగావళి_నర్సు
కొంచెం కోపంగానే ఉన్నారు. "పిలుపుని తోసేస్తే యోనాకి ఏమైందో తెలుసు కదా" అన్నారు.

టెక్కలి_టీచర్
దేవుడి పిలుపు తప్పించుకుని పారిపోయిన యోనా కూడా ఓడకి కేవు (ఛార్జీ) తన జేబులోంచే ఇచ్చుకున్నాడని ఆయనకి గుర్తుచెయ్యి. మొదటి అధ్యాయంలోనే ఉంది. వాళ్ళమ్మ గొలుసు తాకట్టు పెట్టలేదు.

జీడిపిక్క
టీచర్ గారు రిటైరయ్యాక స్టాండప్ చెయ్యొచ్చు.

కిసుము_రిటర్న్
అమ్మా, నిజంగా బయటి దేశంలో సేవ చేయాలని ఉంటే ముందు ఇక్కడ మూడు నాలుగేళ్ళు అనుభవం, మిడ్‌వైఫరీలో బాగా చెయ్యి తిరగాలి. తరవాత అక్కడి ఆసుపత్రికే నేరుగా రాసి, వాళ్ళ కౌన్సిల్ దగ్గర రిజిస్టర్ చేయించుకుని ఏడాదో రెండేళ్ళో వెళ్ళొచ్చు. మిషన్ ఆసుపత్రులకి మనుషులు కావాలి. అప్పుడు నువ్వు డబ్బు కట్టవు, వాళ్ళే ఎంతో కొంత ఇస్తారు. ఈలోగా స్వాహిలీ మొదలుపెట్టు, అంత కష్టం కాదు. మన భాషలాగే రాసింది రాసినట్టు చదవడమే.

నాగావళి_నర్సు
@కిసుము_రిటర్న్ గోడ మీద యెషయా కాగితం తీయలేదు సర్. దాని పక్కన ఇది రాసి పెట్టుకుంటాను.

గజపతినగరం_గుమస్తా
అవన్నీ తరవాత. ఆ 10 వేలు?

నాగావళి_నర్సు
"కానుక వెనక్కి అడుగుతారా" అన్నారు.

గజపతినగరం_గుమస్తా
కానుక కాదు, సీటు అడ్వాన్సు. ఫోన్‌పే చేసినప్పుడు కింద ఏమైనా రాశావా?

నాగావళి_నర్సు
"కెన్యా ట్రిప్ అడ్వాన్స్" అని రాశాను.

గజపతినగరం_గుమస్తా
బంగారు తల్లి. ఆ స్క్రీన్‌షాట్, వాళ్ళు పెట్టిన లెక్క కాగితం రెండూ కలిపి, రాతపూర్వకంగా "ఫలానా తేదీ లోపు వెనక్కి ఇవ్వండి" అని మర్యాదగా ఒక మెసేజ్ పెట్టు. ఫోన్‌లో మాట్లాడకు, మాట్లాడితే ప్రార్థన చేసి పెట్టేస్తారు.

పాతపట్నం_పాల్
తప్పుడు సంస్థ దొరికింది గానీ పిలుపు తప్పు కాదమ్మా. దసరా సెలవులకి నేను మా నేపాల్ ఊరికి వెళ్తున్నాను, ఈసారి మా ఆవిడ కూడా వస్తోంది. రావాలనుంటే మాతో రా. సేవ ఏమీ ఉండదు. వాళ్ళింట్లో కూర్చుని బంగాళాదుంపలు ఒలవడమే.

మందస_కోవా
@పాతపట్నం_పాల్ మళ్ళీ మొదలెట్టాడు ఈయన.

నాగావళి_నర్సు
స్లీపర్ క్లాసేనా అన్నా?

పాతపట్నం_పాల్
స్లీపరే. కింది బెర్తు మాత్రం మా ఆవిడది.

నాగావళి_నర్సు
అప్‌డేట్: 6,500 వచ్చింది. మిగతా 3,500 టీషర్టుకీ "ప్రాసెసింగు"కీ పోయిందట. టీషర్టు కొరియర్లో పంపారు. ఎక్స్ఎల్. నాన్న వేసుకుని ఆటో నడుపుతున్నారు, వీపు మీద "కెన్యా మిషన్" అని ఉంది. ప్యాసింజర్లు అడుగుతుంటే "మా అమ్మాయి ఎళ్ళలేదు, నానే ఎళ్తన్నాను రోజూ, డే అండ్ నైట్ జంక్షన్ దాకా" అంటున్నారట.